మ్యాప్ జేబులో పెట్టి పరుగు: నాలుగేళ్లు చేశాక నా మాట

ఓరియంటీరింగ్‌లోకి నేను రోడ్డు పరుగు నుంచి వచ్చాను. మ్యాప్, కంపాస్ సాయంతో అడవిలో జెండాలు పెట్టిన చోట్లని వరుసగా వెతుక్కుంటూ పరిగెత్తే పోటీ అది. కాళ్లలో సత్తువ ఉంది, కంపాస్ వాడటం వారంలో వచ్చేస్తుంది, ఇంకేం కావాలనుకున్నాను. మొదటి ఏడాదంతా నాకన్నా పదిహేనేళ్లు పెద్దవాళ్లు తాపీగా జాగింగ్ చేసుకుంటూ నాకంటే ముందు ఫినిష్‌కి చేరారు. నేను వేగంగానే పరిగెత్తాను, కాకపోతే వేరే దిక్కుకి. ఆ ఉక్రోషంతో ఎవరు ఏ వింత సాధన చెప్పినా చేసి చూశాను. నాలుగేళ్లయ్యాక నాతో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పోయినవాటి గురించి ముందు రెండు ముక్కలు. మూతికి బిగించుకునే మాస్క్: ఎత్తైన కొండల్లో సాధన చేసినట్టే ఉంటుందంటారు. అక్కడ గాలి పీడనమే తక్కువ, అందుకే ఆక్సిజన్ సరిగా అందదు. మాస్క్ ఊపిరి పీల్చుకోవడాన్ని కష్టం చేస్తుంది, అంతే. ఆరు వారాల్లో నా ఇంటర్వల్స్ (మధ్యమధ్య ఆగుతూ చేసే వేగపు పరుగులు) నెమ్మదించాయి తప్ప ఇంకేం జరగలేదు. బరువైన బూట్లతో పరుగు: దీనికి చెకోస్లోవేకియా రన్నర్ జాటోపెక్ పేరు చెబుతారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన మనిషి సైనిక బూట్లతో సాధన చేసిన మాట నిజమే. కానీ ఆయన గుట్టలు గుట్టలుగా చేసిన 400 మీటర్ల పరుగుల్ని వదిలేసి బూట్లు మాత్రం ఎత్తుకొచ్చుకుంటే నాకు దొరికింది పుండుపడ్డ మడమ. చెప్పుల్లేకుండా పరుగు కూడా అంతే. ఆత్రపడి ఒకేసారి ఐదు కిలోమీటర్లు పోయాను, పిక్కలు పట్టేసి నాలుగు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

ఆ వెనక్కి దిగడం దగ్గరే ఒకటి అంటుకుంది, వెనక్కి పరుగు. మోకాలి చిప్ప మీద పడే ఒత్తిడి ముందుకు పరుగుకన్నా ఇందులో తక్కువ, ఆయాసం మాత్రం అదే వేగానికి ఎక్కువ. చదునైన నేల మీద 50 మీటర్ల చొప్పున ఆరుసార్లు, వారానికి రెండు రోజులు. వాలు దిగాక మోకాళ్లలో వచ్చే సలుపు నాకు తగ్గింది. అడవిలో మాత్రం ఈ పని పెట్టుకోకండి, వెనకున్న వేరు మనకోసం పక్కకి జరగదు.

ఇక అసలు సంగతి, మ్యాప్ జేబులో పెట్టి పరుగు. కంట్రోల్ (జెండా పెట్టిన చోటు) దగ్గర నిలబడి తర్వాతి లెగ్, అంటే అక్కణ్నుంచి తర్వాతి కంట్రోల్ దాకా ఉన్న భాగం, చూసుకోవాలి, మ్యాప్ మడిచి జేబులో పెట్టి జిప్ వేసెయ్యాలి. తర్వాతి జెండా కనబడేదాకా తియ్యకూడదు. మొదటిసారి 300 మీటర్ల లెగ్ చూసుకోవడానికి నాకు నిమిషంన్నర పట్టింది. దారి వంపు, రెండు బండలు, వాటి వెనక గుంట, కంచె, పొద, అన్నీ బట్టీ పట్టాను. యాభై అడుగులు వేసేసరికి బండలు ముందా కంచె ముందా అన్నదే గుర్తులేదు. నెల రోజులు తప్పిపోయాక తెలిసింది, గుర్తుంచుకోవాల్సింది మూడంటే మూడు ముక్కలని. "గట్టు ఎడమచేతికి. వాగు దాటు. రెండో పెద్ద బండ." మొదటిది చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది, రెండోది ఎంత దూరం వచ్చానో చెబుతుంది, మూడోది అటాక్ పాయింట్, అంటే జెండాకి దగ్గర్లో తేలిగ్గా దొరికే గుర్తు. అక్కణ్నుంచి వేగం తగ్గించి, కంపాస్ చూసుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ జెండా దాకా పోవడమే. 1:10,000 మ్యాప్ మీద సెంటీమీటరంటే 100 మీటర్లు. ఆ దూరానికి ట్రాక్ మీద నాకు జంట అడుగులు 42 పడతాయి, అడవిలో 50 దాటుతాయి. ఈ తేడా తెలియక మొదట్లో ప్రతి కంట్రోల్‌కీ ముందే ఆగిపోయి, లేని జెండా కోసం పొదలన్నీ గాలించేవాణ్ని. ఇప్పుడు లెగ్ చూసుకోవడానికి పది సెకన్లు చాలు. పొట్టి పోటీలకు వాడే 1:4,000 స్ప్రింట్ మ్యాప్‌లకు మాత్రం ఈ సాధన నాకు అక్కరకు రాలేదు. అక్కడ మలుపులు వెంటవెంటనే వస్తాయి, మ్యాప్ చేతిలోనే ఉండాలి.

రెండోది ట్రెడ్‌మిల్ ముందు మ్యాప్ అంటించుకోవడం. మూడు నిమిషాలు గట్టిగా పరుగు, చివరి అరనిమిషంలో ఒక లెగ్ చూసి దారి ఎంచుకోవడం, ఆగగానే పెన్నుతో గీసెయ్యడం. మర్నాడు కుర్చీలో కూర్చుని అవే లెగ్‌లకు ఇంకో కాపీ మీద దారి గీసేవాణ్ని. రెండూ పక్కపక్కన పెడితే నా గుట్టు బయటపడింది. కుర్చీలో ఉన్నప్పుడు చుట్టుదారైనా బాట పట్టుకుంటున్నాను. రొప్పుతున్నప్పుడు మాత్రం రెండు కంట్రోల్స్‌ని కలిపే ఆ ఊదా గీతనే దారి అనుకుని, ముదురు ఆకుపచ్చలోకి నేరుగా దూరుతున్నాను. మ్యాప్‌లో ఆకుపచ్చ ఎంత ముదిరితే అడవి అంత దట్టం, తెలుపు హాయిగా పరిగెత్తగల అడవి. కొత్తవాళ్లు తెల్లగా ఉంటే మైదానమనుకుంటారు, మైదానానికి పసుపు. ఇవన్నీ నాకు తెలిసినవే, కానీ గుండె దడదడలాడేటప్పుడు ఏ రంగూ కంటికి ఆనడం లేదు. అప్పట్నుంచి గీతకు ముందు ఎడమ పక్క, తర్వాత కుడి పక్క చూసి, ఆఖరికే గీతను చూడటం అలవాటు చేసుకున్నాను.

కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) తప్ప అన్నీ చెరిపేసిన మ్యాప్ కష్టమైనది, విసుగైనది, మంచిది. బాటల్లేవు, బండల్లేవు, ఉత్త గోధుమరంగు గీతలు. ఒకసారి అచ్చు ఒకేలా ఉన్న రెండు పల్లాల్లో పక్కదాంట్లోకి దిగి, అదే సరైందని నలభై నిమిషాలు వాదించుకున్నాను, నాతో నేనే. నేను దిగినదాని నోరు వాయవ్యానికి ఉంది, మ్యాప్‌లో ఉత్తరానికి. ఒక్కసారి కంపాస్ చూస్తే తేలిపోయేది. పూర్తి మ్యాప్ ఒకటి కవర్లో పెట్టి అంటించి వెంట ఉంచుకోండి, ఒక్కరే పోతుంటే తప్పనిసరిగా.

రాత్రి పరుగు గురించి ఎక్కువ చెప్పను. స్వీడన్‌లో 1945 నుంచి జరుగుతున్న టియోమిలా ఓరియంటీరింగ్ రిలేలో ఒకే రన్నర్ పరిగెత్తే పొడవైన చీకటి లెగ్‌కి "లోంగా నాటెన్" అని పేరే ఉంది, అంటే పొడవైన రాత్రి. తలదీపం వెలుగు పడినంత మేరే లోకం కాబట్టి కంపాస్‌ని నమ్మక తప్పదు. నాకు నచ్చింది, చీలమండకు నచ్చలేదు.

అన్నిట్లోకీ చవగ్గా దొరికేది నీడలా వెంటపడే స్నేహితుడు. వాడి పని వెనకాలే పరిగెత్తడం, నోరెత్తకపోవడం, స్టాప్‌వాచ్ నొక్కడం. గంట తర్వాత అడిగాడు, "జెండా దొరికాక కూడా అక్కడ ఏం వెతుకుతున్నావురా?" ఏమీ వెతకడంలేదన్నాను. వాచ్ చూపించాడు. పంచ్ కొట్టాక (అంటే వచ్చినట్టు నమోదు చేసుకున్నాక) కంట్రోల్ దగ్గర సగటున 12 సెకన్లు నిలబడుతున్నానట. 20 కంట్రోల్స్‌కి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసం నేను రెండేళ్లు ఇంటర్వల్స్ చేశాను. ఇప్పుడు కంట్రోల్ దాకా వచ్చే లెగ్‌లోనే, తేలికైన చోట, తర్వాతి లెగ్ చదివేసుకుంటున్నాను. పోయినవారం మళ్లీ కొలిచాడు, 5 సెకన్లు. "ఆ ఐదూ ఎందుకు?" అంటున్నాడు.