గుంట గట్టుకు ఆర్ఎఫ్ఎం95 లోరా మాడ్యూల్: కొనొచ్చు, 866లో పెట్టి వాడితేనే

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో అర్ధరాత్రి ఏరియేటర్ (నీళ్లకు గాలి పట్టించే యంత్రం) ఆగితే ఇంట్లో అలారం మోగాలి. వైఫై అంత దూరం రాదు. ఈ పనికి హోప్ఆర్ఎఫ్ కంపెనీ ఆర్ఎఫ్ఎం95డబ్ల్యూ బాగా సరిపోతుంది. ఇది లోరా, అంటే తక్కువ పవర్‌తో చిన్న కబుర్లను చాలా దూరం పంపే రేడియో పద్ధతి మాడ్యూల్. గట్టు మీద ఒకటి, ఇంట్లో ఒకటి ఉండాలి. కాకపోతే తెచ్చింది తెచ్చినట్టు వాడితే చట్టం దాటుతారు.

మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చిన బ్యాండ్ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. 2005లో 867 వరకే ఇచ్చారు, 2021లో 868కి పెంచారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాటు, యాంటెన్నా నుంచి వెలువడేది 4 వాట్లు, క్యారియర్ (సిగ్నల్) వెడల్పు 200 కిలోహెర్ట్జ్ మించకూడదు. ఈ మాడ్యూల్ ఎంత పెంచినా 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లే ఇస్తుంది కాబట్టి పవర్‌తో పేచీ లేదు. పొరపాటంతా ప్రోగ్రాంలో జరుగుతుంది. ఆర్డ్యుయినో (చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు) లోరా లైబ్రరీ ఉదాహరణల్లో 915ఈ6, అంటే 915 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది. అది అమెరికా వాళ్ల బ్యాండ్. ఇక్కడ 890 నుంచి 915 దాకా సెల్‌ఫోన్లు టవర్‌కు సిగ్నల్ పంపే జాగా, మీ సిగ్నల్ సరిగ్గా దాని అంచు మీద కూర్చుంటుంది. ఆ అంకెను 866ఈ6 చేయండి. బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంచండి, 250 పెడితే హద్దు దాటినట్టే.

చవకగా వస్తుందని 433 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే రా-02 లోరా మాడ్యూల్ తీసుకోవద్దు. 433–434లో లైసెన్సు మినహాయింపు ఇంటి లోపల వాడకానికి, 10 మిల్లీవాట్లకు, 10 కిలోహెర్ట్జ్ ఛానెల్‌కు మాత్రమే. గుంట గట్టు ఇంటి లోపల కాదు కదా.

ఆర్ఎఫ్ఎం95 కాళ్ల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు, బ్రెడ్‌బోర్డులో దిగవు, అడాప్టర్ బోర్డు కావాలి. 3.3 వోల్టులే ఇవ్వాలి. ఆర్డ్యుయినో ఊనో బోర్డు పిన్నుల నుంచి వచ్చే 5 వోల్టులు నేరుగా తగిలితే చిప్ పాడవుతుంది. ఊనో 3.3 పిన్ను 50 మిల్లీయాంప్‌లే ఇస్తుంది, 20 డీబీఎంలో పంపేటప్పుడు మాడ్యూల్ 120 మిల్లీయాంప్‌ల దాకా లాగుతుంది, దాంతో వోల్టేజి పడిపోయి ఆగిపోతుంది. 3.3 వోల్టులతోనే నడిచే ఈఎస్‌పీ32 బోర్డుతో కలపడం మేలు. పక్కనే 100 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టి, పవర్ 17 డీబీఎంకు తగ్గించండి.

యాంటెన్నాకు 8.6 సెంటీమీటర్ల తీగ చాలు, గట్టు మీద, ఇంట్లో రెండు చోట్లా నిటారుగా నిలపాలి. తీగ లేకుండా ట్రాన్స్‌మిట్ చేయొద్దు, యాంప్లిఫయర్ పోవచ్చు. స్టార్టర్ ఇనప డబ్బాలో దాస్తే సిగ్నల్ బయటికే రాదు. ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది కాబట్టి సీలు వేయాల్సిందే, కానీ పుల్లని వాసనొచ్చే సిలికాన్ వద్దు. అందులోని ఆమ్లమే రాగిని తింటుంది.

స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (పెంచేకొద్దీ దూరం పెరిగి వేగం తగ్గే సెట్టింగ్) 7తో మొదలుపెట్టి, అందకపోతే 9, 10కి వెళ్లండి. 12లో 20 బైట్ల కబురుకే సెకను పైన పడుతుంది.

మినహాయింపు బ్యాండ్‌లో ఇంకొకరి సిగ్నల్ అడ్డొస్తే రక్షణ అడిగే హక్కు మీకుండదు. అందుకని ఏరియేటర్ ఆగినప్పుడే కబురు పంపే పద్ధతి ప్రమాదం. గట్టు మీది యూనిట్‌కు బ్యాటరీ పెట్టి, నిమిషానికోసారి “నడుస్తోంది” అని పంపించండి. మూడు నిమిషాలు ఆ కబురు రాకపోతే ఇంట్లో బజర్ మోగాలి.