కెనడా స్పాన్సర్‌షిప్: తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూనా, అక్కడికి వెళ్లాకనా?

భర్త కెనడాలో, భార్య రేణిగుంట కర్మాగారంలోనో తిరుపతి ఆసుపత్రిలోనో ఉద్యోగంలో ఉన్నప్పుడు, భర్త స్పాన్సర్‌గా (హామీదారుగా) నిలిచి, భార్యకు అక్కడి శాశ్వత నివాసం కోసం ఇక్కడినుంచే దరఖాస్తు చేయడమా, విజిటర్ వీసాపై వెళ్లి అక్కడ చేయడమా అన్నది జీతం ఎన్నాళ్లు ఆగినా ఇల్లు గడుస్తుందన్న లెక్కను బట్టి తేల్చుకోవలసిన విషయం.

మొదటి మార్గంలో, అంటే ఇక్కడినుంచే ‘ఫ్యామిలీ క్లాస్’ వర్గం కింద దరఖాస్తు చేస్తే, శాశ్వత నివాసం మంజూరయ్యేదాకా జీతం ఆగదు. బయోమెట్రిక్స్‌కు (వేలిముద్రలు, ఫొటో) చెన్నై, పోలీస్ క్లియరెన్స్‌కు తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం వెళ్లిరావడానికి కొద్దిపాటి సెలవు చాలు. దరఖాస్తు తిరస్కరణకు గురైతే స్పాన్సర్ అక్కడి అప్పీళ్లు వినే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌ను ఆశ్రయించవచ్చు. (కొండమీద పెళ్లి ఫొటోలు ఎన్ని ఉన్నా, వివాహ రిజిస్ట్రేషన్ పత్రం ఏ మార్గంలోనైనా ఉండాల్సిందే.)

రెండో మార్గంలో ఓపెన్ వర్క్ పర్మిట్ (ఫలానా యజమాని అన్న షరతు లేకుండా పనిచేసే అనుమతి) దొరుకుతుందన్న ధీమాతో ఇక్కడ ముందే రాజీనామా ఇవ్వడం తొందరపాటు. స్పాన్సర్‌షిప్ దరఖాస్తు అందినట్టు లేఖ వచ్చాకే సాధారణంగా పర్మిట్ కోరాలి. అది చేతికి వచ్చేదాకా విజిటర్‌గా ఉన్నవారు అక్కడి సంస్థల్లో ఒక్క పూట కూడా పనిచేయరాదు. పైగా కెనడాలోని దంపతుల వర్గం (అక్కడే కలిసి ఉంటూ దరఖాస్తు చేసేవారి కోసం ఉన్నది) కింద చేసిన దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఆ అప్పీలు హక్కు ఉండదు, ఆ నిర్ణయంపై సమీక్షకు ఫెడరల్ కోర్టు అనుమతి కోరడమే మిగులుతుంది. మధ్యలో ఇంటికి వచ్చి, తిరిగి ప్రవేశం దొరక్కపోతే దరఖాస్తుకే ఎసరు.

బ్యాంకు కంతులు నడుస్తున్నవారికి మొదటిదే మేలు. ఇప్పటికే అక్కడ కలిసి ఉంటున్నవారు మాత్రం ఫ్యామిలీ క్లాస్‌ను కూడా పరిశీలించాలి, ఎందుకంటే 2023లో తెచ్చిన మార్పుతో వారికీ ఓపెన్ వర్క్ పర్మిట్ కోరే వీలు కలిగింది, అప్పీలు హక్కూ నిలుస్తుంది.