బెంగల డబ్బా: రెండున్నరేళ్లు వాడాక

పిల్లల బెంగలను చీటీల మీద రాయించి డబ్బాలో వేయించడం చాలామందికి తెలిసిన పద్ధతే. దాన్ని ఎలా తయారు చెయ్యాలో, పైన ఏ బొమ్మలు అతికించాలో మళ్లీ చెప్పను. మాది బూట్లు వచ్చిన అట్టపెట్టె, మూతకి ఒక చీలిక, అంతే. దీనిలో నాకు నచ్చింది ఒక్కటే. "ఇప్పుడు కాదు, ఆరున్నరకి మాట్లాడుకుందాం" అనే మాటని పిల్ల నమ్మేలా చేస్తుంది. ఆ మాట పట్టుకునే మేము ఒక ఏడాది గట్టెక్కాం.

మొదలుపెట్టినప్పుడు మా పాపకి ఎనిమిదేళ్లు. మామగారు ఆసుపత్రిలో ఉన్నారు. మావారు పగలు ఉద్యోగానికి, రాత్రి ఆయన దగ్గరికి. ఇంట్లో ఫోన్ మోగితే అందరం ఉలిక్కిపడేవాళ్లం. పాప అడిగిందే అడిగేది. తాతయ్య చనిపోతారా, నాన్న ఎప్పుడొస్తారు, నువ్వు కూడా ఆసుపత్రికి వెళ్లిపోతావా. "ఏం కాదమ్మా" అనేదాన్ని. పది నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న. నేను ధైర్యం చెప్పేకొద్దీ అడగడం ఎక్కువైందే తప్ప తగ్గలేదు.

డబ్బా పెట్టాక, బెంగ కలగ్గానే చీటీ రాసి వేసేది. సాయంత్రం ఆరున్నరకి అదే కుర్చీలో, పదిహేను నిమిషాలు, ఒక్కో చీటీ తీసి మాట్లాడుకునేవాళ్లం. దిగులుకి ఇలా ఒక వేళ కేటాయించే పద్ధతిని 1983లోనే అమెరికాలో థామస్ బోర్కొవెక్ బృందం పెద్దవాళ్ల మీద పరీక్షించిందని తర్వాత తెలిసింది. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి అరగంట కూర్చుని దిగులుపడాలి, మిగతా వేళల్లో వచ్చిన ఆలోచనని ఆ అరగంటకి వాయిదా వెయ్యాలి. పిల్లలకి అరగంట ఎక్కువ, పదిహేను నిమిషాలు చాలు. పడుకునే ముందు మాత్రం పెట్టుకోకండి. మొదటి వారం మేము తొమ్మిదింటికి పెట్టాం, తీసిన బెంగలన్నీ మాతోపాటే మంచమెక్కాయి.

ఆరున్నర అయ్యేసరికి సగం చీటీలు చూసి, "ఇది అయిపోయిందిలే" అని తనే చింపేసేది. మిగిలినవాటిని రెండుగా విడదీసేవాళ్లం: మనం ఏదైనా చెయ్యగలిగినవి, చెయ్యలేనివి. నాన్న ఎప్పుడొస్తారన్న దానికి వారం మొత్తం ఆయన వచ్చే వేళలు కాగితం మీద రాసి గోడకి అంటించాం. ఆ ప్రశ్న ఇక రాలేదు. తాతయ్య గురించి మాత్రం "ఏం కాదు" అనడం మానేశాను. "డాక్టర్లు చూస్తున్నారు. ఏమవుతుందో నాకూ తెలీదు. తెలిసిన రోజు నీ దగ్గర దాచను" అన్నాను. ఆ మాటకి అది ఏడ్చింది, కానీ ఆ రాత్రి నిద్రపోయింది.

మొదటి మూడు నెలలు కనిపించిన ప్రతి తల్లికీ ఈ డబ్బా గురించి చెప్పాను. ఇప్పుడు ఆ మాటల్లో కొన్ని వెనక్కి తీసుకోవాలి.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, పాప బడిలో ఉండగా నేను డబ్బా తెరిచాను. అంతకుముందు రాత్రి వంటగదిలో నేనూ మావారూ గట్టిగా మాటలనుకున్నాం. పిల్ల విన్నదేమోనన్న టెన్షన్ నన్ను ఆగనివ్వలేదు. ఒకే చీటీ ఉంది. "అమ్మ బాత్రూమ్‌లో ఏడుస్తోంది. నాకు తెలుసని చెప్పకూడదు" అని రాసింది. చదివి అలాగే మడిచి లోపల పెట్టేశాను.

సాయంత్రం ఆరున్నరకి డబ్బా తెరవకముందే, "అమ్మ గురించి ఏమైనా బెంగ ఉందా నాన్నా?" అని అడిగాను. మెల్లగా అడిగాననే అనుకున్నాను. పాప నా ముఖం చూసింది, డబ్బా చూసింది. "చదివేశావా?" అంది. లేదన్నాను. ఆ అబద్ధం ఎందుకు చెప్పానో ఇప్పటికీ బాధే. అది చీటీ తీసి చేతిలో నలిపేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏడు వారాలు డబ్బాలో ఏమీ పడలేదు. రోజూ ఆరున్నరకి వచ్చి కూర్చునేది, నేను బలవంతం చేశానని కాదు, అలవాటు కొద్దీ. మూత తీస్తే ఖాళీ. అప్పుడే బడికి వెళ్లే వేళకి కడుపునొప్పి మొదలైంది. పిల్లల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి జబ్బేమీ లేదన్నారు. నొప్పి మాత్రం నిజమేనని, నటన అనుకోవద్దని చెప్పి, పిల్లలతో పనిచేసే ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. మనసులో దిగులు పిల్లల్లో కడుపునొప్పిగా, తలనొప్పిగా బయటపడడం మామూలేనట.

మొదటి రెండు సార్లు కౌన్సెలర్ ఎక్కువసేపు మాతోనే మాట్లాడారు. పాపని సరిచెయ్యమని వెళ్తే "మీకెవరున్నారు?" అని నన్నడిగారు. నా దగ్గర జవాబు లేదు. అడిగితే వచ్చేవాళ్లు ఉన్నారు, నేనే అడగలేదు. "కొంచెం సాయం కావాలి" అంటే ఎవరికీ ఏం చెయ్యాలో తెలీదనీ, ఏ రోజు, ఏ వేళకో చెప్పి అడగమనీ అన్నారు. ఆ రాత్రే మా ఆడపడుచుకి ఫోన్ చేసి, "వదినా, బుధవారం నాలుగు నుంచి ఆరు దాకా పిల్లల్ని చూసుకుంటావా?" అన్నాను. "ఇన్నాళ్లూ ఎందుకడగలేదు?" అంది. ఆ రెండు గంటల్లో మొదటి బుధవారం నేను పడుకుని నిద్రపోయాను, అంతే. ఆ సాయంత్రం పాప ముందు నా గొంతు వేరుగా ఉంది, నాకే తెలిసింది.

తర్వాత పాపకి నిజం చెప్పాను. "నేను చదివాను. చదవలేదని అబద్ధం చెప్పాను. రెండూ తప్పే. నేనేడిస్తే ఊరుకోబెట్టడం నీ పని కాదు. నన్ను చూసుకోవడానికి నాన్న ఉన్నారు, అత్త ఉంది." అది వెంటనే ఏమీ అనలేదు. అట్టపెట్టె తీసేసి తాళం ఉన్న రేకు డబ్బా కొన్నాం, తాళంచెవి పాప దగ్గరే. ఒక్క షరతు మాత్రం పెట్టాను: ఎవరైనా నిన్ను బాధపెడుతున్నా, నిన్ను నువ్వు బాధపెట్టుకోవాలనిపించినా డబ్బాలో వెయ్యకు, ఆరున్నర దాకా ఆగకు, అప్పుడే వచ్చి చెప్పు, నేను నిద్రలో ఉంటే లేపు. ఇది మొదటి రోజే చెప్పాల్సింది. వాయిదా వెయ్యడం నేర్పాను కానీ వాయిదా వెయ్యకూడనివి ఉంటాయని నేర్పలేదు. ఈ పద్ధతిలో నేను చూసిన అసలైన లోపం ఇదే.

మూడో వారానికి రేకు డబ్బాలో మొదటి చీటీ పడింది. కడుపునొప్పి పూర్తిగా పోవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అందులో డబ్బా వాటా ఎంతో, కౌన్సెలర్ వాటా ఎంతో, మామగారు ఇంటికి రావడం వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

మా బాబుకి అప్పుడు ఐదేళ్లు, వాడికిది అసలు పనిచెయ్యలేదు. ఆ వయసుకి బెంగని సాయంత్రం దాకా మోయడం కుదరదు, అప్పటికప్పుడు ఒళ్లోకి తీసుకోవాల్సిందే. "కోపం వచ్చిందా, భయమేసిందా?" అని పేరు పెట్టి అడిగితే కొంచెం నెమ్మదించేవాడు.

కాబట్టి మీరూ పెట్టండి అని గట్టిగా చెప్పలేను. మా పాపకి రాయడం ఇష్టం. సాయంత్రం ఆరున్నరకి నేను ఇంట్లో ఉండగలను. షిఫ్టులు మారే ఉద్యోగమైతే ఆ వేళ రోజూ నిలబెట్టుకోవడం కష్టం, రెండు రోజులు తప్పితే పిల్ల నమ్మదు. తిండి, నిద్ర, ఆట, బడి వీటిలో ఏదైనా వారాల తరబడి దెబ్బతింటుంటే డబ్బా మీద ఆశ పెట్టుకుని ఆగకండి. మేము ఏడు వారాలు ఆగాం, అది ఎక్కువే. చనిపోవాలనుందని పిల్ల అంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఇప్పుడు పాపకి పదిన్నర. వారానికి ఒక్కసారే తెరుస్తున్నాం, కొన్ని వారాలు చీటీలే ఉండవు. బాబుకి రాయడం వచ్చింది, వాడికీ ఒకటి కావాలంటున్నాడు. రేకుదే కొంటాను, తాళం ఉన్నది.