అలైన్‌మెంట్ ప్లస్ బ్యాలెన్సింగ్ ప్యాకేజీ: స్టీరింగ్ వణుక్కి ఇందులో పనికొచ్చేది సగమే

స్టీరింగ్ వణుకుతోందని టైర్ల షాపుకి వెళ్తే ముందు చేతిలో పెట్టేది ఈ ప్యాకేజీనే. కంప్యూటర్ అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాలు సరిచేయడం), నాలుగు చక్రాల బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానమయ్యేలా రిమ్‌కి చిన్న వెయిట్లు కొట్టడం), పైన నైట్రోజన్ గాలి, అన్నిటికీ కలిపి ఒకటే రేటు. స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటి ఇంటి కార్ల సంగతి చెప్పాలంటే, వీటిలో వణుకు తగ్గించేది బ్యాలెన్సింగ్ ఒక్కటే. అలైన్‌మెంట్ తేడా చేస్తే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది, తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. అంతేగానీ అది చేతులు వణికించదు. నైట్రోజన్ గురించి ఇక్కడ మాట్లాడుకోవడమే దండగ.

డబ్బు కట్టేముందు వణుకు ఎప్పుడు వస్తోందో చూసుకోవాలి. 80 కిలోమీటర్ల స్పీడు దగ్గర మొదలై, 100 దగ్గర బాగా తెలిసి, ఇంకా స్పీడు పెంచితే తగ్గిపోతుంటే అది చాలావరకు బ్యాలెన్సింగే. స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనక చక్రాలు. బ్రేకు తొక్కితేనే వస్తోందంటే డిస్కు మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయిందన్నమాట. దానికి ఎన్ని వెయిట్లు కొట్టినా లాభం లేదు. యాక్సిలరేటర్ నొక్కితే వచ్చి, కాలు తీయగానే పోతే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ) లోపలి జాయింటుని అనుమానించాలి. 30-40 స్పీడులోనే స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతోందంటే టైరు లోపలి ఉక్కు తీగల పొర విడిపోయి ఉండాలి, లేదా రిమ్ బెండయి ఉండాలి. టైరు పొర విషయమైతే ఆ టైరుతో హైవే ఎక్కకండి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా వణుకుతుంటే అది చక్రాల గొడవే కాదు, ఇంజిన్ మౌంటింగ్ (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) చూడాలి.

చక్రంలో ఓ 30 గ్రాముల బరువు తేడాకి ఇంత రభసా అనిపిస్తుంది. 15 అంగుళాల రిమ్ అంచున 30 గ్రాముల తేడా ఉంటే, 100 స్పీడులో అది దాదాపు 5 కిలోల బరువంత బలంతో చక్రాన్ని లాగుతుంది. అదీ సెకనుకి 14-15 చుట్లు, ప్రతి చుట్టులో అన్ని దిక్కులకీ. స్పీడు రెండింతలైతే ఈ లాగుడు నాలుగింతలవుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియనిది ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే బయటపడేది ఇందుకే.

ఇక సర్వీసు బాగుందా లేదా అన్నది మెషీన్‌ని బట్టి కాదు, తిప్పే మనిషిని బట్టి ఉంటుంది. వెయిటింగ్ రూములో టీ తాగుతూ కూర్చోకుండా పక్కన నిలబడి చూడండి. ముందు రిమ్ లోపలి వైపు చూడాలి. వానాకాలంలో నల్లరేగడి మట్టి అక్కడ పెట్టుకుని, ఎండి గట్టిపడుతుంది. ఒక్కోసారి అది గీకి కడిగేస్తే చాలు, వణుకు పోతుంది. మట్టి మీదే బ్యాలెన్సింగ్ చేస్తే నాలుగు రోజులకి పెళ్ల ఊడిపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది. పాత వెయిట్లన్నీ పీకేశాకే చక్రం మెషీన్‌కి ఎక్కాలి. చక్రాన్ని మెషీన్ మీద మధ్యలో నిలిపే కోన్ రిమ్ నడిమి రంధ్రానికి సరిపడేది పెట్టాలి. రిమ్ వ్యాసం, వెడల్పు, మెషీన్ నుంచి దూరం, ఈ మూడూ ఆ చక్రానివే కొట్టాలి. ముందు వచ్చిన కారు కొలతలు మార్చకుండా తిప్పేసే షాపులు తక్కువేం కాదు.

వెయిట్లు కొట్టాక స్క్రీన్ మీద రెండు వైపులా సున్నా వస్తే పని అయిపోయిందంటారు. అప్పుడు ఒక మాట అడగండి: నట్టు వదులు చేసి, చక్రాన్ని మెషీన్ షాఫ్ట్ మీద సగం చుట్టు తిప్పి బిగించి, మళ్లీ తిప్పమనండి. 5 గ్రాముల తేడా వస్తే పర్వాలేదు. 15, 20 చూపిస్తే మొదటిసారి చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోలేదన్నమాట. ఈ మాటకి విసుక్కునే షాపుకి రెండోసారి వెళ్లనక్కర్లేదు.

మెషీన్ ఒక వైపే 60 గ్రాములు దాటి అడుగుతోందంటే వెయిట్లు పేర్చుకుంటూ పోవడం తప్పు. చక్రం తిరుగుతుంటే అంచు దగ్గర స్క్రూడ్రైవర్ మొన నిలిపి చూస్తే రిమ్ పైకీ కిందకీ, పక్కకీ ఎంత ఊగుతోందో కంటికే తెలిసిపోతుంది. రిమ్ బాగుంటే టైరుని రిమ్ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కిస్తే చాలాసార్లు వెయిటు తగ్గుతుంది. పంక్చర్ రాకుండా టైరులో పోసే ద్రవం ఉంటే మాత్రం అంకె తిప్పినప్పుడల్లా మారుతుంది, దాన్ని తుడిచేయక తప్పదు.

బిగింపులో చెడగొట్టేవాళ్లూ ఉన్నారు. హబ్ (బండికి చక్రం బిగించే భాగం) ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో తీయకపోతే, బ్యాలెన్స్ చేసిన చక్రం కూడా ఒరిగి కూర్చుంటుంది. నట్లు ఎదురెదురుగా చేత్తో పట్టించి, ఓనర్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) రెంచితో బిగించాలి. గాలి గన్నుతో టపటపా కొట్టేస్తే బిగింపు ఎగుడుదిగుడై, డిస్కు కొద్దిగా వంకరగా తిరిగి, కొన్ని వేల కిలోమీటర్లకి బ్రేకు వణుకు మొదలవుతుంది. బయట కొన్న అలాయ్‌లకి ఇంకో చిక్కు: స్విఫ్ట్ హబ్ 54.1 మిల్లీమీటర్లు, అన్ని కార్లకీ సరిపోవాలని చేసిన అలాయ్ నడిమి రంధ్రం అంతకంటే పెద్దది. మధ్యలో రింగు లేకపోతే మెషీన్ మీద సున్నా, రోడ్డు మీద వణుకు.

ఇంతా చేసినా పోకపోతే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అదే రోడ్డు మీద అదే స్పీడులో నడపండి. వణుకు సీటు కిందకి మారితే తప్పు టైరుదో రిమ్‌దో. స్టీరింగ్‌లోనే ఉండిపోతే బండి లేపి స్టీరింగ్, సస్పెన్షన్ కీళ్లయిన టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, వాటితోపాటు వీల్ బేరింగులు ఊపి చూడాలి. ఆర్మ్ మార్చినా, టై రాడ్ ఎండ్ మార్చినా అప్పుడు అలైన్‌మెంట్ తప్పనిసరి. ప్యాకేజీలో ఆ సగానికి డబ్బు కట్టాల్సింది అప్పుడే.