ఆరు వారాల ఫ్రేజుల తరగతి: అట్టముక్కలకు మంచి మార్కులు, జవాబుల పుస్తకానికి కోత

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఇంగ్లీషు నేర్పే సంస్థలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలా వరకు మాట్లాడటం నేర్పుతాయి తప్ప వ్యాకరణం జోలికి పోవు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన నేను, ఒక కార్యాలయంలో లెక్కలు చూసుకుంటూనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారు జరిపే సీజీఎల్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. దాని మొదటి దశలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు ఉంటాయి. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. అందుకే, ఫ్రేజులను, అంటే వాక్యంలో కలిసి ఒక పని చేసే మాటల గుంపులను, వర్గీకరించడం ద్వారా వ్యాకరణం నేర్పుతామన్న ప్రకటన చూసి ఒక సంస్థలో సాయంత్రం బ్యాచ్‌లో చేరాను. వారానికి 3 రోజులు, రోజుకు గంటన్నర, మొత్తం ఆరు వారాలకు రుసుము 3,500 రూపాయలు. చెప్పవలసిన ఇబ్బందులు కూడా ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు.

మొదటి రోజునే ఒక్కొక్కరికి ఒక కవరు ఇచ్చారు. మిగిలిపోయిన శుభలేఖల అట్టను కత్తిరించి, తెల్లగా ఉన్న వైపు స్కెచ్ పెన్నుతో ఇంగ్లీషు మాటలు రాసిన 40 ముక్కలు అందులో ఉన్నాయి. నాకు వచ్చిన వాటిలో ఒకదాని వెనుక సగం వినాయకుడు, మరొకదాని వెనుక ‘సుముహూర్త’ అన్న అక్షరాలు కనిపించాయి. నౌన్ ఫ్రేజ్, వెర్బ్ ఫ్రేజ్, అడ్జెక్టివ్ ఫ్రేజ్, అడ్వర్బ్ ఫ్రేజ్, ప్రిపొజిషనల్ ఫ్రేజ్ అని ఐదు గళ్ళు గీసిన కాగితం బల్ల మీద పరుచుకొని, ఏ ముక్క ఏ గడికి చెందుతుందో అక్కడ పెట్టాలి. సూత్రం ఒక్కటే: ముక్కలో ఏ మాట మీద మిగిలిన మాటలన్నీ ఆధారపడి ఉన్నాయో అది హెడ్, హెడ్ ఏ జాతిదైతే ఫ్రేజ్ కూడా ఆ జాతిదే. ‘వెరీ ప్రౌడ్ ఆఫ్ హర్ సన్’ అన్న ముక్కను చివర నామవాచకం ఉంది కదా అని నేను నౌన్ గడిలో పెట్టాను. హెడ్ ‘ప్రౌడ్’ కనుక అది అడ్జెక్టివ్ గడికి పోవాలని సార్ చెప్పాక, ఆ పొరపాటు మళ్ళీ చేయలేదు. పుస్తకంలో నిర్వచనం చదివి మరచిపోవడం కంటే ముక్కను చేత్తో తీసి పక్క గడిలోకి జరపడం బాగా గుర్తుంటుంది.

ఈ పద్ధతి అసలు విలువ రెండో వారంలో తెలిసింది. ‘ద బాక్స్ ఆఫ్ మ్యాంగోస్’ తర్వాత ‘ఈజ్’ రావాలా, ‘ఆర్’ రావాలా అని అడిగితే మాలో సగానికి పైగా ‘ఆర్’ అన్నాం. ‘మామిడిపళ్ళ పెట్టె బరువుగా ఉన్నాయి’ అని తెలుగులో బడి ముఖం చూడనివారు కూడా అనరు. తెలుగులో వర్ణించే మాటలన్నీ ముందు వచ్చి, ముఖ్యమైన నామవాచకం చివర, క్రియకు దగ్గరగా నిలుస్తుంది. ఇంగ్లీషులోనేమో ‘ఆఫ్’, ‘విత్’, ‘ఇన్’ వంటి మాటలతో మొదలయ్యే తోక హెడ్‌కు వెనుక తగులుకుంటుంది కాబట్టి, పెట్టె ఎక్కడో ముందు ఉండిపోయి, మామిడిపళ్ళు వచ్చి క్రియ పక్కన కూర్చుంటాయి. మన కన్ను పక్కనున్న మాటనే పట్టుకుంటుంది. ఇప్పుడు పాత ప్రశ్నపత్రాల్లో ఇటువంటి వాక్యం వస్తే తోకను పెన్సిలుతో కొట్టేసి, మిగిలిన మాటను చూసి జవాబు పెడుతున్నాను. పరీక్షలో ఫ్రేజు పేరు చెప్పమని సాధారణంగా అడగరు, తప్పు పట్టమంటారు. ఆ పనికి హెడ్‌ను వెతికే అలవాటు నిజంగా పనికివచ్చింది.

చిక్కు మూడో వారంలో, వారు అచ్చువేసిన జవాబుల పుస్తకంతో మొదలైంది. ‘ద బకెట్ విత్ ఎ బ్రోకెన్ హ్యాండిల్’ అన్న దానిలో ‘విత్’ నుంచి చివరి వరకు ఉన్న భాగాన్ని తరగతిలో ప్రిపొజిషనల్ గడిలో పెట్టించారు. జవాబుల పుస్తకం మాత్రం అడ్జెక్టివ్ ఫ్రేజ్ అంటోంది. అడిగితే, “రెండూ కరెక్టే అండీ, ఎక్కడ ఏది అడిగితే అది రాయండి” అన్నారు సార్. మాట అబద్ధం కాదు గానీ అది వివరణ కాదు. హెడ్‌ను బట్టి పేరు పెట్టడం ఒక పద్ధతి. వాక్యంలో చేసే పనిని బట్టి పేరు పెట్టడం మన బడి వ్యాకరణాల్లో ఎప్పటినుంచో ఉన్న మరో పద్ధతి. మనిషికి పేరు వేరు, వరస వేరు. ఒకే మనిషి ఒకరికి బావ, మరొకరికి బాబాయి అవుతాడు. ఆ భాగం పేరు ప్రిపొజిషనల్, బకెట్‌కు దాని వరస అడ్జెక్టివ్. ఈ రెండు మాటలు మొదటి రోజే చెప్పి ఉంటే, మూడు వారాలు నేర్చుకున్నది తప్పేమోనన్న అనుమానం పదిమందిలో కలిగేది కాదు.

నాకు అంతకంటే పెద్ద లోపంగా తోచింది తెలుగు మీద నిషేధం. తరగతిలో తెలుగు మాట దొర్లితే 10 రూపాయలు డబ్బాలో వేయాలి. మాట్లాడటం నేర్పే తరగతిలో ఇది చెల్లుతుందేమో గానీ, వ్యాకరణానికి తెలుగు సాయపడినంతగా మరేదీ సాయపడదు. ఐదో వారంలో జెరండ్, పార్టిసిపియల్ ఫ్రేజులు వచ్చినప్పుడు, అన్నిటికీ చివర ‘ఇంగ్’ ఉండటంతో తరగతి అంతా తికమకపడింది. విరామంలో చాయ్ బండి దగ్గర నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక తమ్ముడు దాన్ని నిమిషంలో తేల్చేశాడు: “తెలుగులో అనుకో అన్నా. ఈదడం అయితే జెరండ్, ఈదుతున్న పిల్లాడు అయితే పార్టిసిపుల్, ఈదుతున్నాడు అయితే ఉత్త వెర్బ్.” ఇంగ్లీషు ఒకే తోకతో సరిపెట్టిన చోట తెలుగు మూడు తోకలు పెట్టింది. మరుసటి తరగతిలో ‘వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ మీ’ అన్న వాక్యంలో నడిచింది కుక్క అవుతుందని సార్ చెబితే అందరూ నవ్వారు గానీ, ఎందుకో సగం మందికి అందలేదు. ‘నడుస్తూ’ అనే శత్రర్థకానికి, వాక్యం చివరి క్రియకు కర్త ఒక్కరే ఉండాలి కాబట్టే మనం ‘నడుస్తుంటే కుక్క కరిచింది’ అని రూపం మారుస్తాం. శత్రర్థకం పేరు బడిలో అందరం విన్నదే. అది గుర్తు చేయడానికి 10 రూపాయలు కట్టవలసి రావడం విడ్డూరం. నేను కట్టాను.

బ్యాచ్‌కు 20 మందే అని చెప్పి 38 మందిని కూర్చోబెట్టారు. రాలేకపోయిన రోజుల పాఠం వీడియో ఇవ్వలేదు. ముక్కల కవరు మాత్రం ఇంటికి తీసుకువెళ్ళనిచ్చారు.

హెడ్‌ను పట్టుకోవడం రాక కర్తకూ క్రియకూ పొత్తు కుదరని వాక్యాలు రాసేవారు మొదటి మూడు వారాల కోసం ఇందులో చేరవచ్చు. వ్యాసరచన, ఉత్తరాలు ఆశించేవారికి ఇది చాలదు, ఎందుకంటే ఆరు వారాల్లో ముక్కలను విడదీయడమే గానీ వాటిని కలిపి ఒక పేరా రాయించింది లేదు. రెండో స్థాయికి 4,500 రూపాయలు అడుగుతున్నారు. జవాబుల పుస్తకం మార్చారా అని వెళ్ళి అడిగితే కౌంటర్‌లో పాత ప్రతినే చూపించారు, అందుకని చేరలేదు. ప్రస్తుతం ఇంట్లో ఆ 40 ముక్కల మీద, ఇంగ్లీషు మాటల కింద, తెలుగు రూపాలు పెన్సిలుతో రాసుకుంటున్నాను; 26 పూర్తయ్యాయి.