కొలంబియా నది సాల్మన్ లెక్కలు: సీజన్ తొలి వారాల్లో డార్ట్ ఎంతవరకు పనికొస్తుంది?

మార్చి వస్తే అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల గాలం వేసేవాళ్ల చూపంతా కొలంబియా నది మీదే ఉంటుంది. వసంతకాలపు షినూక్ సాల్మన్ సముద్రం విడిచి నదిలోకి వచ్చే రోజులవి. వేసవి చివర గుడ్లు పెట్టేదాకా మేత లేకుండా ఎదురీదాలి కాబట్టి ఆ చేప ఒంటినిండా కొవ్వు పట్టించుకుని వస్తుంది. గోదావరి పులస రుచి ఎరిగినవాళ్లకు దానికోసం ఇక్కడివాళ్లు పడే ఆరాటం వివరించనక్కర్లేదు. ఈ వేటకు బయలుదేరేముందు చూడదగిన ఉచిత సేవ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నడిపే ‘కొలంబియా రివర్ డార్ట్’ వెబ్‌సైట్.

దీనికి ఆధారం కొలంబియా మీది బోనెవిల్ ఆనకట్ట దగ్గర జరిగే లెక్కింపు. అక్కడ చేపలు ఆనకట్ట దాటి పైకెక్కడానికి కట్టిన మెట్ల పక్కన అద్దాల కిటికీలు ఉన్నాయి. మసకపచ్చని నీటిలో చేప ప్రవాహానికి ఎదురుగా ఓ క్షణం నిలదొక్కుకుని, తోక విసిరి ముందుకు దూసుకుపోతుంది. ఆ కాస్త వ్యవధిలోనే లెక్కించేవారు అది ఏ జాతిదో, ఎదిగిన చేపో, జాక్ అని పిలిచే చిన్న మగచేపో తేల్చి నమోదు చేస్తారు. 1938 నుంచి ఉన్న ఈ లెక్కలతోపాటు పదేళ్ల సగటు, నీటి ఉష్ణోగ్రత, ప్రవాహం కూడా ఒకేచోట దొరకడం డార్ట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

అయితే సీజన్ మొదట్లో ఈ అంకెను చూసే పద్ధతి తెలియకపోతే అది దారి తప్పిస్తుంది. ఆనకట్ట సముద్రానికి 146 మైళ్ల ఎగువన ఉంది. ఈరోజు అక్కడ లెక్కకెక్కిన చేప, దిగువన పడవ వేసుకుని కూర్చున్నవారిని ఎప్పుడో దాటిపోయింది. నీరు చల్లగా ఉన్నంతకాలం షినూక్ తొందరపడదు కాబట్టి, బోనెవిల్‌లో అంకె అతి తక్కువగా ఉన్న రోజుల్లోనే దిగువన మంచి వేట ఉండవచ్చు. పైగా విల్లామెట్, లూయిస్, కలామా, కౌలిట్జ్ నదులన్నీ ఆనకట్టకు దిగువనే కలుస్తాయి; వాటిలోకి మళ్లే చేపలు ఈ లెక్కలోకి రానే రావు. విల్లామెట్ పైకి వెళ్లేవాటికి ఆ నది జలపాతం దగ్గర ఒరెగాన్ మత్స్య, వన్యప్రాణి శాఖ జరిపే లెక్కింపును వేరుగా చూసుకోవాలి.

అందుచేత మార్చిలో చేపల సంఖ్య కంటే ఉష్ణోగ్రత, ప్రవాహం వరుసలే ముందు చదవాలన్నది నా అభిప్రాయం. నీరు సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరువవుతుంటే చేపల కదలిక పెరుగుతుంది. అంతకంటే బాగా చల్లగా ఉంటే ఎరను నెమ్మదిగా నడపాలి. వానలకో, మంచు కరిగో ప్రవాహం ఒక్కసారిగా పెరిగి నీరు కలకబారితే చేపకు ఎర కనబడదు, ఆ రోజు మానుకోవడమే మేలు. సముద్రపు పోటుపాట్ల ప్రభావం బోనెవిల్ దాకా తెలుస్తుంది కాబట్టి వాటి వేళలు కూడా పక్కన పెట్టుకోవాలి: పాటు గట్టిగా లాగుతున్నప్పుడు లంగరు వేసి ప్లగ్ (చేపలా ఊగే కృత్రిమ ఎర) ఆడించడం, నీరు నెమ్మదించాక హెర్రింగ్ అనే చిన్న సముద్రపు చేపను ఎరగా కట్టి పడవతో మెల్లగా లాగడం ఇక్కడి వాడుక.

డార్ట్ పరిశోధకుల అవసరాలకు తీర్చిన సేవ కావడంతో, ఏ పట్టిక ఎక్కడుందో కొత్తవారికి తట్టదు. వేట నిబంధనలు అందులో వెతకకూడదు. వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాలు కలిసి సీజన్ నిర్ణయిస్తాయి. చేపల రాక అంచనాను సవరించేదాకా 30 శాతం తగ్గించిన లెక్కతోనే వేటను అనుమతిస్తాయి కాబట్టి తేదీలు హఠాత్తుగా మారవచ్చు. బయలుదేరే రోజు ఉదయం ఆ రెండు రాష్ట్రాల మత్స్య శాఖల ప్రకటనలు చూసుకోవాలి. పెంపక కేంద్రాల నుంచి వదిలిన, గుర్తుగా వీపుమీద తోక దగ్గరి చిన్న రెక్క కత్తిరించి ఉన్న షినూక్‌ను మాత్రమే ఉంచుకోవచ్చు. రెక్క ఉన్న సహజ చేప పడితే, దాన్ని నీటిలోంచి పూర్తిగా పైకి తీయకుండానే గాలం విప్పి వదిలేయాలి.