నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449) వరి విత్తనం – లేటు నాట్లకి నా ఓటు దీనికే
2023 డిసెంబర్ మిచాంగ్ తుఫానుకి మా నారుమడి మొత్తం మునిగిపోయింది, మళ్లీ నారు పోసి నాటేసరికి బాగా లేటు, ఇక అప్పుడు 150 రోజుల బీపీటీ 5204 (సాంబ మసూరి) వేస్తే పూత ఎండల్లో పడుద్ది, పూత టైంలో 35 డిగ్రీలు దాటితే గింజ తాలుపోద్ది కదా, అందుకే మన నెల్లూరు పరిశోధన కేంద్రం వాళ్ల ఈ రకం ఏసినాం. 120–125 రోజుల్లో కోతకొచ్చేసింది. పొద్దున పూట అంత మంచు పడినా ఆకు మీద అగ్గితెగులు నూలుకండె మచ్చలు కనపళ్లా, పక్క మడి బీపీటీకి మాత్రం మందు మీద మందు కొట్టారు పాపం. బియ్యం సన్నం, అన్నం బాగుంటది. పైరు రసం పీల్చే సుడిదోమ మాత్రం పడింది, అందుకే గాలి ఆడేట్టు రెండు మీటర్లకో కాలిబాట తప్పకుండా తియ్యండి, యూరియా తగ్గించండి. లూజు సంచుల్లో కొనొద్దు, ఒక షాపులో అట్టా కొన్న మా బాబాయికి సగం కేళీలే (వేరే రకం మొక్కలే) వచ్చినయ్.